బ్యాటరీ తీగ విప్పితే ఇంజను ఏం మరిచిపోతుంది?

అమ్మాయి పురుటికని కిందటి నవంబరులో అమెరికా బయలుదేరిన రోజు, ఇంటికి తాళం వేసే ముందు నేను చేసిన చివరి పని కారు బానెట్ ఎత్తి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ను 10వ నంబరు స్పానర్‌తో వదులు చేసి, తీగను పక్కకు తీసి, అది పొరపాటున మళ్ళీ పోస్టుకు తగలకుండా దాని మొనకు పాత సాక్సు ఒకటి తొడగడం. ఐదు నెలల తరువాత విశాఖపట్నం తిరిగి వచ్చి, అదే సాక్సు తీసి, అదే తీగ బిగించి సెల్ఫ్ కొట్టినప్పుడు, మా పదేళ్ళ పెట్రోలు కారు నేను ఎన్నడూ ఎరగని బండిలా ప్రవర్తించింది. ఇంజను పట్టింది, ఒక్కసారి పైకి లేచింది, వెంటనే కిందికి జారి, బండి మొత్తాన్నీ వణికించి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి యాక్సిలరేటర్ మీద కాలు ఉంచి నిలబెట్టగలిగాను గానీ, కాలు తీస్తే మళ్ళీ అదే వరస.

ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన వాణ్ణి కనుక, బ్యాటరీ విప్పడం లెక్క చూసుకోకుండా చేసిన పని కాదు. బయలుదేరడానికి వారం ముందే తాళంచెవి తీసేసి, తలుపులన్నీ మూసి, నెగటివ్ పోస్టుకూ దాని తీగకూ మధ్య మల్టీమీటరును 10 ఆంపియర్ల స్కేలులో సిరీసుగా పెట్టి చూశాను. (మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు; స్టార్టరు లాగే వంద ఆంపియర్ల పైచిలుకు కరెంటు ఆ మీటరు లోపలి ఫ్యూజును క్షణంలో కాల్చేస్తుంది.) మొదట 400 మిల్లీ ఆంపియర్లకు పైన చూపించింది. కారులోని ఒక్కొక్క బోర్డూ నిద్రలోకి జారుకుంటున్న కొద్దీ ఆ అంకె మెట్లు దిగినట్టు దిగుతూ, ఇరవై నిమిషాలకు 25 దగ్గర స్థిరపడింది. ఇది తప్పేమీ కాదు, 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉన్నంతకాలం ఏ కారుకైనా మామూలే. కాని 25 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 0.6 ఆంపియర్ అవర్లు, 150 రోజులకు 90 ఆంపియర్ అవర్లు. మా బ్యాటరీ సామర్థ్యం మొత్తం కలిపి 35. తీగ విప్పకుండా వెళ్ళి ఉంటే రెండు నెలలు నిండకముందే అది పూర్తిగా ఎండిపోయేది, ఆపైన మూడు నెలలు ఆ స్థితిలోనే పడి ఉండడం వల్ల పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత చార్జింగు పెట్టినా లేవని స్థితికి చేరేది. విప్పి ఉంచిన బ్యాటరీ కూడా తనంతట తాను నెలకు కొద్ది శాతం చొప్పున దిగుతుంది, ఎండల్లో ఇంకొంచెం వేగంగా దిగుతుంది. అయినా నేను తిరిగి వచ్చేసరికి మీటరు 12.38 వోల్టులు చూపించింది. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 చూపిస్తుందని, 12.2 అంటే సగానికి వచ్చినట్టని తెలిసినవారికి, ఐదు నెలల తరువాత 12.38 ఎంత మంచి అంకో వేరే చెప్పనక్కర లేదు.

అంటే బ్యాటరీ బాగానే ఉంది. మరి ఇంజనుకు ఏమైంది?

మద్దిలపాలెం జంక్షను దగ్గర సిగ్నలు పడి బండి రెండుసార్లు ఆగి, వెనకాల ఆటోవాళ్ళ చేత నానా మాటలూ అనిపించుకున్నాక, దారిలో కనిపించిన ఒక షెడ్డులో ఆపాను. అక్కడి కుర్రవాడు బానెట్ తెరిచి, చెవి పెట్టి విని, "థ్రాటిల్ బాడీ పోయినట్టుందండి సార్, కొత్తది వేసేద్దాం, పదిహేను వేల దాకా అవుద్ది" అన్నాడు. ఇంజనులోకి పోయే గాలిని అదుపు చేసే రేకు ఉండే గొట్టమే ఈ థ్రాటిల్ బాడీ. బ్యాటరీ ఐదు నెలలు విప్పి ఉంచాననీ, దానికి ముందు బండి గడియారంలా నడిచేదనీ చెబితే, "దానికీ దీనికీ సంబంధం ఉండదండి" అని తేల్చేశాడు. అతని మీద నాకు కోపమేమీ లేదు. పాతికేళ్ళ కిందట అయితే ఆ మాట అక్షరాలా నిజం. గాలిలో పెట్రోలు కలిపే పాతకాలపు కార్బురేటరు ఉన్న ఇంజనుకు జ్ఞాపకశక్తి లేదు. యాక్సిలరేటరు మీద కాలు లేనప్పుడు అది తిరిగే వేగం, అంటే ఐడ్లింగు, ఎంత ఉండాలో ఒక స్క్రూ నిర్ణయించేది, ఆ స్క్రూకు బ్యాటరీతో పని లేదు. మన దేశంలో 2000 సంవత్సరం అటూ ఇటూగా ఉద్గారాల నిబంధనలు బిగిసి, పెట్రోలు కార్లన్నీ కంప్యూటరు నడిపే ఇంజెక్షను పద్ధతిలోకి మారిన తరువాతే బ్యాటరీకీ ఇంజను నడతకూ ఈ కొత్త చుట్టరికం కలిసింది.

ఇంజను కంప్యూటరులో రెండు రకాల జ్ఞాపకాలు ఉంటాయి. ఒకటి కారు తయారైన చోటే రాసిపెట్టినది: ఏ వేగంలో, ఎంత లోడులో, ఎంత వేడిలో ఎంత పెట్రోలు చిమ్మాలి, స్పార్కు ఎప్పుడు ఇవ్వాలి అనే పట్టికలు. ఇవి కరెంటు లేకపోయినా చెరగవు. కిలోమీటర్ల మీటరు అంకె కూడా ఇలాంటి చెరగని చోటే ఉంటుంది కనుక బ్యాటరీ తీస్తే ఓడోమీటరు సున్నా కాదు. రెండోది ఆ ఇంజను తన బతుకులో తాను నేర్చుకున్నది. ఫ్యాక్టరీ పట్టిక కొత్త ఇంజనుకు రాసినది. పదేళ్ళలో పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కొంత పూడుతుంది, ఎయిర్ ఫిల్టరు దుమ్ము పడుతుంది, రబ్బరు గొట్టం ఎక్కడో పగులుతుంది, బంకులో దొరికే పెట్రోలే మారిపోతుంది. ఈ తేడాలను కంప్యూటరు గమనిస్తూ, పట్టిక మీద తన సొంత సవరణలు వేసుకుంటూ, వాటిని బ్యాటరీ నుంచి నిరంతరం అందే చిన్న కరెంటుతో బతికే జ్ఞాపకంలో దాచుకుంటుంది. నేను మీటరులో చూసిన 25 మిల్లీ ఆంపియర్లలో కొంత భాగం ఈ జ్ఞాపకానికి పోసే నూనె. తీగ విప్పడంతో ఆ దీపం ఆరిపోయింది. కొత్త కార్లలో చాలావాటిలో ఈ సవరణలను కూడా చెరగని చోటే రాస్తున్నారు కనుక అందరికీ నా అనుభవమే ఎదురవుతుందని అనుకోనక్కర లేదు; మా కారు ఆ తరానికి ముందుది.

ఇంజను ఏమి మరిచిపోయిందో ఊహించడం కంటే చూడడం మేలనిపించి, స్టీరింగు కింద ఉండే స్కానింగు సాకెట్టులో ఒక చిన్న బ్లూటూత్ అడాప్టరు గుచ్చి, ఫోనులో అంకెలు చూస్తూ కూర్చున్నాను. మన దేశంలో 2013 ఏప్రిల్ తరువాత తయారైన కార్లలో చాలావాటిలో ఈ రెండో తరం స్కానింగు పద్ధతి ఉంది, కొన్ని వందల రూపాయల అడాప్టరుతో ఎవరైనా చూసుకోవచ్చు. అందులో నాకు కావలసినవి రెండు అంకెలు: ఒకటి తాత్కాలిక ఇంధన సవరణ, రెండోది దీర్ఘకాలిక ఇంధన సవరణ. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. సైలెన్సరు గొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు వేడెక్కిన తరువాత, మండిన పొగలో ఆక్సిజన్ మిగిలిందా లేదా అన్నదాన్ని బట్టి 0.1 వోల్టుకూ 0.9 వోల్టుకూ మధ్య ఊగుతూ ఉంటుంది. ఆ ఊపును చూసి కంప్యూటరు క్షణక్షణానికీ వేసే దిద్దుబాటు తాత్కాలిక సవరణ. అదే దిద్దుబాటు పదే పదే ఒకే వైపు పడుతూ ఉంటే, "ఇది ఈ ఇంజను స్వభావమే" అని గుర్తించి పట్టికకు శాశ్వతంగా కలుపుకునేది దీర్ఘకాలిక సవరణ. చేయి తిరిగిన వంటమనిషి కొత్త బియ్యానికి మొదటి రెండు రోజులు రుచి చూసి నీళ్ళు సర్దుకుని, మూడోనాటి నుంచి చూడకుండానే సరిగ్గా పోయడం లాంటిది.

నేను చూసేసరికి దీర్ఘకాలిక సవరణ 0.0 దగ్గర ఉంది. పదేళ్ళ బండికి ఇది రావలసిన అంకె కాదు, జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోయిందనడానికి గుర్తు. తాత్కాలిక సవరణ 4కూ 9కీ మధ్య ఎగిరెగిరి పడుతోంది, అంటే ఫ్యాక్టరీ పట్టిక చెప్పినదాని కంటే అన్నన్ని శాతాలు ఎక్కువ పెట్రోలు పోస్తే తప్ప మంట సరిగా లేదు. సెన్సరు వేడెక్కే లోపు కంప్యూటరుకు ఈ సంగతి తెలిసే మార్గమే లేదు. అది కొత్త ఇంజను అనుకుని కొత్త ఇంజనుకు సరిపడా పెట్రోలే చిమ్ముతుంది, పాత ఇంజను ఆ పలుచని మిశ్రమంతో వణుకుతుంది. ఉదయం పూట మొదటి ఐదు నిమిషాలు మరీ అధ్వానంగా ఉండడానికి కారణం ఇదే. ఆ తరువాత నాలుగు రోజులు ఎం.వి.పి. కాలనీ నుంచి భీమిలి రోడ్డు మీదుగా పొద్దున్నే పాతిక కిలోమీటర్లు తిప్పుతూ, ఇంటికి వచ్చాక అంకె రాసుకున్నాను: 1.56, 3.13, 5.47, 6.25. ఆపైన 6.25 దగ్గరే నిలిచిపోయింది. ఈ అంకెలు ఇంత వింతగా ఎందుకున్నాయంటే, వంద శాతాన్ని ఒక బైటులోని 128 మెట్లుగా పంచారు, ఒక్కో మెట్టు 0.78 శాతం, నా ఇంజను ఎనిమిది మెట్లెక్కి ఆగింది. తాత్కాలిక సవరణ సున్నాకు అటూ ఇటూ రెండు శాతంలో సర్దుకుంది, పొద్దుటి వణుకు పోయింది. పాత పెట్రోలు మీద కూడా కొంత నింద వేయాలి. ట్యాంకులో ఐదు నెలలు నిలవ ఉన్నది చల్లని ఇంజనులో సరిగా ఆవిరి కాదు కనుక, రెండో రోజున కొత్తది నింపించాకే పికప్ కూడా బాగుపడింది.

ఐడ్లింగు కథ వేరు, అది ఇంధనానిది కాదు, గాలిది. ఇప్పటి కార్లలో యాక్సిలరేటరుకూ ఇంజనుకూ మధ్య తీగ లేదు. ఒక చిన్న మోటారు థ్రాటిల్ రేకును తిప్పుతుంది. ఐడ్లింగులో ఆ రేకు దాదాపు మూసుకుని, అంచున వెంట్రుకవాసి సందు ఉంచుతుంది, ఆ సందులోంచి దూరే గాలితోనే ఇంజను నిమిషానికి 700, 750 చుట్లు తిరుగుతుంది. ఏళ్ళ తరబడి ఆ అంచున నల్లని జిడ్డు కార్బన్ పేరుకుని సందు పూడుతూ వస్తుంది. కంప్యూటరు ఇది కనిపెట్టి, ఏటేటా రేకును ఇంకాస్త, ఇంకాస్త తెరిచి ఉంచడం నేర్చుకుంటుంది. డ్రైవరుకు తేడా తెలియనే తెలియదు. బ్యాటరీ విప్పిన రోజున కంప్యూటరు ఆ పాఠం మరిచిపోయి, రేకును మళ్ళీ కొత్త బండికి తెరిచినంతే తెరుస్తుంది; కాని అక్కడ సందు లేదు, జిడ్డు ఉంది. గాలి చాలక ఇంజను 550కి జారి ఆగిపోతుంది, ఏసీ వేస్తే కంప్రెసరు బరువుకు మరీ త్వరగా ఆగిపోతుంది. నా బండికి సరిగ్గా ఇదే జరిగింది. కనుక ఆ షెడ్డు కుర్రవాడు థ్రాటిల్ బాడీని అనుమానించడం తప్పు కాదు, అది పోయిందనడం తప్పు. మురికి ఐదేళ్ళ నుంచీ ఉన్నదే. కంప్యూటరు దాన్ని కప్పిపెడుతూ వచ్చింది, బ్యాటరీ తీయగానే ముసుగు జారింది.

దీనికి విరుగుడు ఇంజనుకు మళ్ళీ పాఠం చెప్పడమే, ఆ చెప్పే తీరు ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది. హోండా పద్ధతిలో అయితే లైట్లు, ఏసీ, ఆడియో అన్నీ ఆపి స్టార్టు చేసి, న్యూట్రలులో 3,000 చుట్ల దగ్గర పట్టి ఉంచి, రేడియేటరు ఫ్యాను తిరిగే దాకా లేదా ఇంజను 90 డిగ్రీలకు చేరే దాకా ఆగి, తరువాత కాలు పూర్తిగా తీసేసి ఐదు నిమిషాలు ఐడ్లింగులో వదిలేయమంటారు. ఆ ఐదు నిమిషాల్లో ఫ్యాను తిరిగిన సమయాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కొన్ని బండ్లకు స్కానరుతోనే చేయాలి, మరికొన్ని తమంతట తామే నాలుగైదు ప్రయాణాల్లో సర్దుకుంటాయి. మీ బండి మాన్యువలులో ఏముందో చూడడం మొదటి పని. అంతేగాని, వణుకుతోందని రేజింగు ఇస్తూ ఉండడం వల్ల అది ఐడ్లింగు నేర్చుకునే అవకాశాన్నే మనం చెడగొట్టినవాళ్ళం అవుతాము.

మిగతా చిన్నాచితకా విషయాలు అందరికీ తెలిసినవే. గడియారం సున్నాకు వెళుతుంది, ఒక్క నొక్కుకు పైకి వెళ్ళే కిటికీ అద్దం సగంలో ఆగిపోతుంది కనుక మీట పట్టి పైదాకా ఎక్కించి రెండు క్షణాలు అలాగే ఉంచాలి, కొన్ని బండ్లలో జారుడు నియంత్రణ లైటు వెలిగితే స్టీరింగును ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పితే ఆరుతుంది. సిగ్నలు దగ్గర ఇంజను తనంతట తాను ఆగే సౌకర్యం ఉన్న బండ్లలో, నెగటివ్ టెర్మినల్ మీద కూర్చున్న సెన్సరు బ్యాటరీ స్థితిని మళ్ళీ లెక్క కట్టుకునే దాకా ఆ సౌకర్యం పనిచేయదు. అది చెడిపోయిందని సర్వీసింగుకు పరిగెత్తనక్కర లేదు.

వీటికంటే ముఖ్యమైనది, పూర్తిగా విప్పిన తీగకూ సగం ఊడిన తీగకూ ఉన్న తేడా. విశాఖ గాలిలో ఉప్పు ఉంది. మా వీధిలో రెండేళ్ళు దాటిన ఏ బ్యాటరీ చూసినా టెర్మినళ్ళ చుట్టూ తెల్లగానో ఆకుపచ్చగానో పిండి పూసి ఉంటుంది. ఆ పిండి కరెంటుకు అడ్డం. అలాంటి టెర్మినల్‌తో సెల్ఫ్ కొడితే, మంచి బ్యాటరీ అయినా సరే, కంప్యూటరుకు అందే వోల్టేజీ 9 కంటే కిందికి పడిపోవచ్చు. ఇంజెక్టరు అనేది ఒక చిన్న అయస్కాంతపు కవాటం. కరెంటు ఇచ్చాక అది తెరుచుకోవడానికి 14 వోల్టుల దగ్గర సుమారు ఒక మిల్లీసెకను పడితే, 10 వోల్టుల దగ్గర దాదాపు రెట్టింపు పడుతుంది. ఐడ్లింగులో అది తెరిచి ఉండేదే రెండు మూడు మిల్లీసెకన్లు కనుక ఈ ఆలస్యం చిన్నది కాదు. కంప్యూటరు తనకు అందిన వోల్టేజీని చూసి ఈ ఆలస్యాన్ని సరిచేస్తుంది, స్పార్కు కాయిలుకు ఇచ్చే సమయాన్ని కూడా అలాగే పెంచుతుంది. కాని టెర్మినల్ వదులుగా ఉండి గుంత గుంతకూ వోల్టేజీ ఎగిరి దూకుతూ ఉంటే దానికి దేన్ని నమ్మాలో తెలియదు. అప్పుడు ఒకదానితో ఒకటి పొంతన లేని పది తప్పుల కోడ్లు స్కానరులో వరసగా కనిపిస్తాయి. అలా కనిపించినప్పుడు ఏ సెన్సరూ మార్చకుండా, మొదట గోరువెచ్చని నీళ్ళలో వంట సోడా కలిపి టెర్మినళ్ళు కడిగి, తుడిచి, బిగించి, వ్యాజలీను పూసి చూడమని నా మనవి. మా పక్కింటివారి కారుకు రెండు సెన్సర్లు మార్చాక మూడో విడతలో ఈ సోడా నీళ్ళే పనిచేశాయి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ తీయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకూడని పని. డైనమోల కాలంలో మా నాన్నగారి అంబాసిడరుకు మెకానిక్కు ఇదే చేసేవాడు: బండి నడుస్తుండగా ఒక టెర్మినల్ పీకి, ఇంజను ఆగకపోతే చార్జింగు బాగున్నట్టు తీర్మానించేవాడు. ఇప్పటికీ కొందరు పెద్దలు ఆ పరీక్షనే నమ్ముతారు. డైనమో స్థానంలో ఇప్పుడున్న ఆల్టర్నేటరు ముప్పై నలభై ఆంపియర్లు బ్యాటరీలోకి పోస్తున్న క్షణంలో ఆ దారి తెగితే, దాని లోపలి కాయిల్లో నిలిచిన అయస్కాంత శక్తి వెంటనే తగ్గలేదు, వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. వాహనాల ఎలక్ట్రానిక్సును పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 16750లో, రక్షణ లేని 12 వోల్టుల ఆల్టర్నేటరుకు ఈ పొంగును 79 నుంచి 101 వోల్టులుగా, వ్యవధిని 400 మిల్లీసెకన్ల వరకుగా లెక్కలోకి తీసుకుంటారు. ఇప్పటి ఆల్టర్నేటర్లలో చాలావాటిలో ఈ పొంగును 35 వోల్టుల దగ్గర తుంచే డయోడ్లు ఉంటాయి, కాని మీ బండిలో ఉన్నాయో లేదో కంప్యూటరు బోర్డును పణంగా పెట్టి తెలుసుకోవలసిన అవసరం ఏముంది? చార్జింగు తెలియాలంటే, నడుస్తున్న ఇంజనుతో బ్యాటరీ పోస్టుల మీద మీటరు పెట్టి, 13.8కీ 14.5కీ మధ్య ఉందా అని చూస్తే చాలు.

ఇంజను ఆపిన వెంటనే కూడా తీగ లాగకూడదు. తాళంచెవి తీసిన తరువాత కంప్యూటరు మరికొన్ని సెకన్లు మేలుకుని ఉండి, ఆ రోజు నేర్చుకున్నదానిలో కొంత రాసుకుని, థ్రాటిల్ రేకును విశ్రాంతి స్థానానికి తెచ్చుకుంటుంది. ఐదు నిమిషాలు ఆగితే పోయేదేమీ లేదు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. నెగటివ్ తీసేశాక స్పానరు పాజిటివ్ నుంచి బండి రేకుకు తగిలినా ఏమీ కాదు. అది బిగించి ఉండగా తగిలితే ఆ స్పానరు అక్కడే వెల్డింగు అయి కూర్చుంటుంది, నా చేతిలోనే ఒకసారి అయింది.

ఇక "బ్యాటరీ ఒక రాత్రి తీసి పెడితే పికప్ పెరుగుతుంది, చెక్ లైటు పోతుంది" అనే గృహవైద్యం గురించి. ఇంజనులో తప్పు దొరికితే వెలిగే ఆ లైటు పోతుంది, నిజమే. కాని దానితోపాటు ఆ తప్పు ఏ వేగంలో, ఎంత వేడిలో, ఏ లోడులో జరిగిందో కంప్యూటరు రాసిపెట్టిన వివరం కూడా పోతుంది, మెకానిక్కుకు అన్నిటికంటే పనికొచ్చే ఆధారం అదే. తప్పు అలాగే ఉంటుంది కనుక నాలుగు రోజుల్లో లైటు మళ్ళీ వెలుగుతుంది. కాలిఫోర్నియాలో ఉండగా మా అల్లుడికి దీని రెండో ముఖం ఎదురైంది. అతని 2012 మోడలు కారుకు శనివారం బ్యాటరీ మార్పించి, సోమవారం పొగ పరీక్షకు తీసుకెళితే, ఏ లోపమూ లేకపోయినా పరీక్షలో నెగ్గలేదు. కారు తన ఉద్గారాల పరికరాలను తానే పరీక్షించుకుని "చూశాను, బాగున్నాయి" అని వేసుకునే గుర్తులన్నీ బ్యాటరీతోపాటు చెరిగిపోయాయట. 2000 తరువాతి పెట్రోలు కార్లకు ఆ రాష్ట్రంలో పెట్రోలు ఆవిరికి సంబంధించిన ఒక్క గుర్తు తప్ప మిగతావన్నీ ఉండి తీరాలి. "మామయ్యా, కొత్త బ్యాటరీ వేయించడం కూడా నేరమేనా?" అని అతను అడిగితే నాకు అప్పుడు జవాబు తోచలేదు. వారం రోజులు ఫ్రీవే మీదా ఊళ్ళోనూ కలిపి నడిపాక అవన్నీ తిరిగి వచ్చి, రెండోసారి నెగ్గాడు. మన దగ్గర కాలుష్య పరీక్ష సైలెన్సరులో గొట్టం పెట్టి చేసేదే కనుక ఆ చిక్కు లేదు గానీ, బ్యాటరీ బిగించిన రోజునే సవరణలు లేని ఇంజనుతో ఆ పరీక్షకు వెళ్ళడం తెలివైన పని కాదు.

మళ్ళీ నా బండి దగ్గరికి వస్తాను. ముసుగు జారి లోపలిది కనబడ్డాక ఊరుకోబుద్ధి కాక, తెలిసిన మెకానిక్కు చేత థ్రాటిల్ బాడీ విప్పించి, స్ప్రే కొట్టి, మెత్తని గుడ్డతో తుడిపించాను. రేకు అంచున గోటితో గీస్తే గీత పడేంత మందాన కార్బన్ ఉంది. బిగించి స్టార్టు చేస్తే ఈసారి ఇంజను 1,100 చుట్ల మీద రొద పెడుతూ కిందికి దిగనంది. జరిగినది అర్థమై నవ్వొచ్చింది: అప్పటికి రెండు వారాలుగా అది మురికి సందుకు తగినట్టు రేకును ఎక్కువ తెరవడం మళ్ళీ నేర్చుకుంది, మేము సందు శుభ్రం చేసేసరికి ఆ తెరుపే ఎక్కువైంది. మొదటిసారి మరిచిపోయి ఆగిపోయిన ఇంజను, ఈసారి మరిచిపోలేక అరుస్తోంది. స్కానరుతో ఆ ఒక్క పాఠాన్నీ చెరిపించి, ఐడ్లింగులో వదిలేస్తే పది నిమిషాల్లో 720 దగ్గర కుదురుకుంది.

అదే రోజు గాలి గొట్టాలన్నీ చేత్తో వంచి చూస్తుంటే, బ్రేకు బూస్టరుకు వెళ్ళే గొట్టం మడత దగ్గర సన్నని పగులు కనిపించింది. లెక్కకు రాని గాలి అక్కడి నుంచి దూరుతోంది. రెండు వందల ముప్పై రూపాయల గొట్టం మార్చాక, 6.25 ఉన్న దీర్ఘకాలిక సవరణ వారంలో 3.91కి దిగింది, ఎనిమిది మెట్లలో మూడు ఆ పగులువన్నమాట. మిగిలిన ఐదు మెట్లకు కారణం ఇంజనులో లేదు, బంకులో ఉంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకు 14.1 పాళ్ళ గాలి చాలిన చోట ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతందానికి 13.5 పాళ్ళే సరిపోతుంది, అంటే అదే గాలికి నాలుగు శాతం పైచిలుకు ఎక్కువ ఇంధనం పోయాలి. మా కారు కాలానికి 10 శాతం మిశ్రమమే గరిష్ఠమని లెక్క వేసుకుంటే ఆ 3.91 దాదాపు అక్కడికే సరిపోతుంది.

వచ్చే డిసెంబరులో మనవరాలి మొదటి పుట్టినరోజుకు మళ్ళీ ప్రయాణం ఉంది, ఈసారి ఆరు వారాలే. ఆరు వారాలకు 25 మిల్లీ ఆంపియర్ల చొప్పున 25 ఆంపియర్ అవర్లు, కనుక తీగ విప్పక తప్పదు. గ్లవ్ బాక్సులో ఒక చీటీ పెట్టాను: ఐడ్లింగు 720, దీర్ఘకాలిక సవరణ 3.91, బ్యాటరీ 12.6. సాక్సు కూడా ఉతికి అక్కడే ఉంచాను.